నరసాయమ్మ బన్నుల వెబ్‌సైటు

ఒక పెద్ద అడవిలో, పెద్దదని అందులో ఉండేవాళ్లు అనుకునేవారు గానీ ఈ చివర దగ్గితే ఆ చివర వినపడేది, నరసాయమ్మ అనే ఎలుగుబంటి బేకరీ నడిపేది. ఆవిడ తేనె బన్ను ఒకసారి తిన్నవాడు మళ్లీ రాక మానడు. కానీ పంచాయతీ వాళ్లు కొత్త బాట వేశాక బేకరీ వైపు నడిచేవాళ్లే తగ్గిపోయారు. ఇలాగే సాగితే పొయ్యి ఆర్పేసి, ఈ వయసులో చెట్లెక్కి తేనెపట్లు వెతుక్కోవాలి.

వెబ్‌సైటు పెట్టమని వామనమూర్తి సలహా ఇచ్చాడు. కొండముచ్చు. పట్నంలో ఇంటర్నెట్ సెంటరు పైకప్పు మీద చాలాకాలం కూర్చున్నాడు కనక అడవికి అతనే నిపుణుడు. అడవిలో అందరికీ ఫోన్లున్నాయి. చార్జింగ్ ఎక్కడ పెట్టుకుంటారని నన్నడక్కండి, మా ఇంట్లోనే నాకు దొరకదు.

"బన్ను ఫోటో పెద్దగా, దారి చిన్నగా. అంతే పిన్నీ," అన్నాడు.

అంతే చేసుంటే కథే లేదు.

కొత్తది ఏం మొదలుపెట్టినా సర్పంచి గారి ఫోటో వేయడం అక్కడి మర్యాద. వేయకపోతే ఏమవుతుందో తెలియదు, వేయకుండా ఎవరూ ఉండలేదు. సర్పంచి గజపతిరావు గారు ఏనుగు. సగం తెర ఆయనకే పోయింది. ఆయనది వేశాక వార్డు మెంబరు అడవిపంది ఊరుకుంటాడా? పందిది వేశాక మాజీ మెంబరు నెమలి తనది పింఛంతో సహా వేయాలన్నాడు. పింఛం పంది మొహం మీద పడింది. ఆ తగువు తీరేసరికి బన్నుకు కింద మూల మిగిలింది. ఏనుగు కన్నే దానికన్నా పెద్దది.

"ఏమిటయ్యా అది, నా కాలి దగ్గర మచ్చలాగా? తీసెయ్," అన్నారు గజపతిరావు గారు.

"బన్నండీ," అన్నాడు వామనమూర్తి.

"బేకరీలో బన్నుంటుందని జనానికి తెలియదూ?"

తీసేశాడు.

వెబ్‌సైటు తెరిచిన మర్నాడు బేకరీ ముందు ఇంత పొడుగు బారు. నరసాయమ్మ సంబరపడి రెండో పొయ్యి కూడా రాజేసింది. ముందున్న జింక ఆవిడ చేతిలో ఒక అర్జీ పెట్టింది, వాగు ఎండిపోయిందని. వెనకున్న ముంగిసది పుట్ట కబ్జా కేసు. కుందేలుకు పింఛను రావడం లేదు. అంతమంది నాయకుల ఫోటోలున్న చోటు ఆఫీసు కాక మరేమవుతుందని వచ్చారట.

"నేను బన్నులు చేసుకునేదాన్నమ్మా," అంది నరసాయమ్మ.

"అన్ని ఆఫీసుల్లోనూ మొదట ఇలాగే అంటారు. ముందు తీసుకోండి," అంది జింక.

ఆవిడ మొహమాటస్తురాలు. తీసుకుని, చూద్దాం తల్లీ అంది. పాపం ఎండనపడి వచ్చారని తలా ఒక బన్ను పెట్టింది. చూద్దామని గజపతిరావు గారూ ఇన్నేళ్లుగా అంటూనే ఉన్నారు. ఏనాడూ బన్ను పెట్టలేదు. జనం తేడా గమనించారు.

తర్వాతి ఎన్నికల్లో వద్దు మొర్రో అంటున్నా వినకుండా నరసాయమ్మను సర్పంచిని చేశారు. ఇప్పుడు వెబ్‌సైటు నిండా ఆవిడ ఫోటోనే. బేకరీ పొయ్యిలో అడవిపిల్లి పడుకుంటోంది. మొన్న జింక మళ్లీ వచ్చి, వాగు సంగతి కాదు, బన్ను సంగతి అడిగింది.

"చూద్దాం తల్లీ," అంది నరసాయమ్మ.

నీతి: బన్ను బాగా చేసేవాళ్లకు ఓటు వేయకండి, సర్పంచులు ఎక్కడైనా దొరుకుతారు.