శ్రుతకీర్తి మాట్లాడిన సాయంత్రం

శత్రుఘ్నుడికి పెళ్లయిందన్న సంగతి వరంగల్లు పట్టణంలో 1979వ సంవత్సరం శ్రీరామనవమి మరునాడు అధికారికంగా బయటపడింది.

ధర్మపథ నాటక సమాజం వారి సభలో తెలుగు లెక్చరర్ వీరభద్రం గారు సీతాకల్యాణం మీద ఉపన్యసిస్తున్నారు. జనకుడి ఇంట జరిగిన పెళ్లిళ్లన్నీ వరసగా చెప్పుకుంటూ పోతే చివర ఒక పెళ్లికూతురు మిగిలిపోయింది. పేరు గుర్తురాక ఆయన మంచినీళ్లు తాగారు. సభ ఓపిగ్గా కూర్చుంది. ఇంటికి వెళ్లి పుస్తకం తిరగేస్తే ఆమె శ్రుతకీర్తి అనీ, సాక్షాత్తూ శ్రీరాముడి చిన్న మరదలనీ తేలింది.

సమాజం దిగ్భ్రాంతి చెందింది. సుబేదారిలో ఒకానొక కార్యాలయానికి సూపరింటెండెంటు, సమాజానికి శాశ్వత అధ్యక్షుడు అయిన రాజేశ్వర్ రావు గారు అత్యవసర సమావేశం పిలిచారు. త్రేతాయుగం నుంచి పెండింగులో ఉన్న ఈ అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యత మనదేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. వీరభద్రం గారు ‘శ్రుతకీర్తి’ అనే నాటకం రాయాలి. అధ్యక్షులవారు శత్రుఘ్నుడి వేషం వేయాలి. శ్రుతకీర్తి వేషానికి ఎవరో ఒక ఆడమనిషిని చూడాలి.

ఆ ఎవరో ఒక ఆడమనిషి సరోజన.

సరోజనది గిర్మాజిపేటలో చేనేత కుటుంబం. భర్త మగ్గం మీద ఉంటే ఆమె రాట్నం మీద ఉండేది. నాటకం ఉన్న రోజున రాట్నం దిగి రంగస్థలం ఎక్కేది. సీత వేసింది, చంద్రమతి వేసింది, ద్రౌపది వేసింది. ఆమె పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీలవాళ్లు బీడీలు ఆర్పేవారు. అయితే ఆ నాటకాలన్నిటికీ పేరు ఇంకెవరిదో ఉండేది. వేషం పేరే నాటకానికి పెట్టడం ఆమె ఎరిగినంతలో ఇదే మొదటిసారి.

ఆ సంతోషం పట్టలేక పక్కింట్లో ఉండే, పిన్ని వరసగా ఖాలా అని పిలుచుకునే సుల్తానా బేగంకు చెప్పింది. సుల్తానా బేగం బట్టలు కుడుతుంది. సరోజన వేషాలకు జరీ అంచులు వేసేది ఆమే.

“శ్రుతకీర్తంటె ఎవరు బిడ్డా?” అంది మిషను ఆపకుండా.

“శత్రుఘ్నుని పెండ్లాం ఖాలా.”

“గాయనెవరు?”

“రాముని తమ్ముడు.”

“ఇంకో తమ్ముడున్నడా?” అని సుల్తానా బేగం మిషను ఆపింది. “సరే, జర మంచి అంచు ఏస్త తియ్యి. పాపం, ఎవ్వరు చూసినట్టు లేరు ఆమెను.”

మొదటి రిహార్సలు నాడు సరోజన తన భాగం కోసం నాటకమంతా వెతికింది. శ్రుతకీర్తి ప్రతి రంగంలోనూ ఉంది. ప్రవేశిస్తుంది, నిలబడుతుంది, తల వంచుతుంది, నిష్క్రమిస్తుంది. ఒక రంగంలో కన్నీరు కూడా ఉంది. మాట మాత్రం ఎక్కడా లేదు.

“సార్, నా మాటలు రాసుడు మరిచినట్టున్నరు,” అంది వీరభద్రం గారితో.

“మరవలేదమ్మా. ఆదికవి ఆమె చేత ఒక్క మాట కూడా పలికించలేదు. ఆయన పెట్టని మాట పెట్టడానికి మనమెంతవాళ్లం?”

శత్రుఘ్నుడి చేత పలికించిన మాటలు మాత్రం ఆదికవికి తెలిస్తే ఆశ్చర్యపోయేటన్ని ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

“ఒక్క మాటైనా పెట్టుండ్రి సార్. జనం నన్ను మూగదనుకుంటరు.”

అప్పుడు రాజేశ్వర్ రావు గారు కల్పించుకున్నారు. “అమ్మా సరోజనా, మాటలు అందరూ మాట్లాడుతారు. మౌనం ఎవరికి వస్తుంది? మౌనమే స్త్రీకి భాష,” అని మొదలుపెట్టి, మౌనం గొప్పతనం గురించి చాయ్ వచ్చి చల్లారేదాకా మాట్లాడారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. సరోజన ఊరుకుంది. ఊళ్లో నాటకాలు ఆడించేవాళ్లంతా ఆ గదిలోనే కూర్చున్నారు. ఇక్కడ నోరు జారితే రేపు వేషానికి పిలిచేవాళ్లు ఉండరు. ఆమె మౌనాన్ని వీరభద్రం గారు అక్కడికక్కడే మెచ్చుకున్నారు. పాత్రలో లీనమైపోయిందన్నారు.

కాజీపేటలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఒక హాల్లో నాటకం ఏర్పాటయింది. పురాణ స్త్రీల సమస్య మీద ముందుగా సభ జరిగింది. వేదిక మీద పెద్దలందరూ కూర్చున్నారు. అందరూ పురుషులే కావడం వల్ల చర్చ క్రమశిక్షణతో సాగింది. అనంతరం తెర లేచింది.

శ్రుతకీర్తి ప్రవేశించింది, నిలబడింది, తల వంచింది. జరీ అంచు దీపాలకు తళతళలాడింది. ఆడవాళ్ల బెంచీల్లో ఎవరో “గీమె చెలికత్తెనా?” అని అడిగారు. ఆ మాట సరోజన చెవిన పడింది. తల వంచే ఉంది గనుక ఆమె ముఖం ఎవరికీ కనిపించలేదు.

లవణాసురుణ్ని చంపి శత్రుఘ్నుడు అయోధ్యకు తిరిగొచ్చే ఘట్టం వచ్చింది. నాటకానికి అదే ప్రాణం. రాజేశ్వర్ రావు గారు విల్లు దించి, మీసం సవరించుకుని అందుకున్నారు.

“శ్రుతకీర్తీ! నీ మౌనం మహాసముద్రం. నీ మౌనం హిమాలయం. నీ మౌనం...”

సరిగ్గా అప్పుడే గూడ్సు బండి కూత వేసింది. కాజీపేట జంక్షన్లో గూడ్సు బండి ఒకసారి కూయడం మొదలుపెడితే సిగ్నలు పడేదాకా ఆపదు. తెర పక్కనుంచి వీరభద్రం గారు మాట అందిస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం చేరడం లేదు.

“నీ మౌనం...” అన్నారు అధ్యక్షులవారు మళ్లీ. “నీ మౌనం, శ్రుతకీర్తీ...”

బండి పోయింది. మాట కూడా దానితోనే పోయింది. చెమటకు, సొంత మీసం మీద అంటించిన పెట్టుడు మీసం ఒక పక్క ఊడి వేలాడింది. ఆ అవస్థలో ఆయన ముందు వెనకలు చూసుకోకుండా, “చెప్పు శ్రుతకీర్తీ, నేనేమనాలి?” అనేశారు.

ఆడవాళ్ల బెంచీల నుంచి సుల్తానా బేగం గొంతు వినిపించింది.

“అడుగుతాండు గదా బిడ్డా. చెప్పు.”

సరోజన తల ఎత్తింది. వేషాలు పోతాయన్న భయం గుర్తుకొచ్చింది. అయినా ఎదురుగా అంత మంది చూస్తుంటే, గొంతులోకి మాట వచ్చి నిలబడ్డాక దాన్ని వెనక్కి పంపడం ఆమెకు చేతకాలేదు.

“నాథా, అలసిపోయి వచ్చారు. ముందు కూర్చోండి,” అంది.

రాజేశ్వర్ రావు గారు కూర్చున్నారు.

“అన్నగారు అడవికి వెళితే మీరు చిన్నన్న వెంట నందిగ్రామం వెళ్లారు. అన్నగారు తిరిగొస్తే మీరు రాక్షసుడి మీదికి వెళ్లారు. ఇల్లు విడిచి వెళ్లడానికి ఈ ఇంటి మగవారికి ధర్మం ఎప్పుడూ దొరుకుతుంది. మా పెద్దక్క అడవికి వెళ్లింది. ఒకక్క తలుపేసుకుని నిద్రపోయింది. ఒకక్క కిటికీ దగ్గర నిలబడి నందిగ్రామం దారి చూస్తూ ఉండిపోయింది. మరి ఈ ఇంట్లో దీపం ఎవరు పెట్టారని మీరు అడగలేదు. పెద్దత్త అన్నం ముట్టదు. వరాలడిగిన అత్త గది దాటి రాదు. ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసింది నేనే. మీ అమ్మ వాళ్లిద్దరినీ ఓదార్చి, వచ్చి నా దగ్గర ఏడ్చేది. నేను ఎవరి దగ్గర ఏడవాలో ఎవరూ చెప్పలేదు. నాకు మౌనం ఎక్కడిది నాథా? ఇంటెడు మాటలు నేనే మాట్లాడాను. వినడానికే మీరు లేరు.”

ఆడవాళ్ల బెంచీల్లో ముక్కులు చీదుకుంటున్న చప్పుడు. ఎవరో నవ్వారు, వెంటనే ఏడ్చారు. రాజేశ్వర్ రావు గారు ఏం చేయాలో తోచక తల ఊపుతూ కూర్చున్నారు. తెర పడింది. చప్పట్లకు ఇంకో గూడ్సు బండి కూత కూడా వినబడలేదు.

తెర వెనక వీరభద్రం గారు మండిపడుతున్నారు. ఇది ఆదికవికి ద్రోహమని, ఈమెను మళ్లీ గడప తొక్కనీయవద్దని అంటూండగానే ముఖ్య అతిథి లోపలికి వచ్చి, ఇంత గొప్ప సంభాషణలు తాను వినలేదని ఆయన భుజాల మీద శాలువా కప్పారు. వీరభద్రం గారు శాలువా సర్దుకున్నారు. ఆ ఘట్టం చాలాకాలం తపస్సు చేస్తే వచ్చిందని వినయంగా చెప్పారు. మాట రాక కూర్చుండిపోయిన రాజేశ్వర్ రావు గారి నటనను అతిథిగారు నిగ్రహానికి పరాకాష్ఠగా కొనియాడారు. వందన సమర్పణలో మైకుసెట్టు వారికి, టెంటు హౌసు వారికి కృతజ్ఞతలు చెప్పాక, సహకరించిన ఇతరుల్లో సరోజన వచ్చింది.

నాటకానికి ఊరూరా పిలుపులు వచ్చాయి. సమాజం మళ్లీ సమావేశమయింది. అంత బరువైన సంభాషణలు ఒక ఆడమనిషి నెత్తిన పెట్టడం భావ్యం కాదని సభ్యులు భావించారు. కళాసేవలో ఏ త్యాగానికైనా సిద్ధమేనని అధ్యక్షులవారు సొంత మీసం తీయించుకుని శ్రుతకీర్తి వేషానికి ఒప్పుకున్నారు. సరోజనకు అన్యాయం జరగకూడదని శత్రుఘ్నుడి వేషం ఇవ్వజూపారు.

“పని పెద్దగా లేదమ్మా. మీసం పెట్టుకుని కూర్చుని, నేను చెప్పేది వినడమే.”

“వద్దు సార్,” అంది సరోజన. “వినుడు నాకు ఎప్పటినుంచో ఉన్నదే. దానికి వేషమెందుకు?”

సరోజన మళ్లీ రాట్నం మీద కూర్చుంది. అనుకున్నట్టే ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు.

పాలంపేటలో నాటకమని తెలిసి సుల్తానా బేగం ఆమెను బలవంతాన బస్సెక్కించింది. వరికోతలు అయిపోయిన కాలం కావడంతో జనం బాగా వచ్చారు. రాజేశ్వర్ రావు గారు జరీ అంచు చీరలో ప్రవేశించి, నిలబడి, “నాథా, అలసిపోయి వచ్చారు” అన్నారు. సరోజన పెదవులు వాటంతట అవే కదిలాయి. ఆయన ఆగవలసిన చోట ఆగడం లేదు. అయినా ఆమెకు కన్నీళ్లు వచ్చాయి. వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పక్కన కూర్చున్న యాదవ్వ అనే రైతు ఇల్లాలు కొంగుతో కళ్లొత్తుకుంటోంది. సుల్తానా బేగం ఉండబట్టలేక, “ఈ మాటలు ముందుగాల చెప్పింది ఈ బిడ్డనే,” అంది.

యాదవ్వ సరోజనను ఎగాదిగా చూసింది.

“చెప్పే ఉంటది. మేము గూడ దినాం చెప్పుకుంటనే ఉంటం, ఎవలిన్నరు? ఎంతైనా అవ్వా, ఆడిదాని గోస మొగోడు చెప్తెనే నిజమనిపిస్తది.”

పైన రాసినదంతా నిజంగా జరిగిందా అని కొందరికి అనుమానం రావచ్చు. ఈ కథ చెబుతున్నవాడు కూడా పురుషుడే. కాబట్టి పాఠక మహాశయులు నిశ్చింతగా నమ్మవచ్చు.