ఊరందరికీ ఒకటే పాస్‌వర్డ్

ప్రైవసీ అనేది ఒక జబ్బు. తలుపులు బిగించుకుని బతికే పట్నంవాళ్లకు వస్తుంది. ఆ జబ్బు మన జనగామకు రాలేదు, వచ్చే సూచనలు కూడా లేవు. అందుకు మనం ముందుగా అమెరికా కంపెనీలకు, ఆ తర్వాత బస్టాండు ఎదురుగా ఇంటర్‌నెట్ సెంటర్ నడిపే సుమన్‌కు చేతులెత్తి దండం పెట్టాలి!

ఎందుకంటారా? సకల జనుల సమ్మె రోజులు గుర్తు తెచ్చుకోండి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. ఆఫీసులకు తాళం, బళ్లకు తాళం. భూపాలపల్లి గనుల్లో బొగ్గు పెళ్ల కదలకపోయేసరికి కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అన్నీ బందైన ఆ రోజుల్లో బందు కానిది సుమన్ సెంటరొక్కటే. కోమటి పిల్లవాడు, గిరాకీ ఎటు నడుస్తుందో పసిగట్టగలడు. తండ్రి ఉప్పూ పప్పూ అమ్మిన కొట్టును రెండు ముక్కలు చేసి, ఒక ముక్కలో కంప్యూటర్లు పెట్టి, వెనకాల జనరేటర్ తగిలించాడు.

ఊళ్లో సగం మందికి "ఆ సైటు"లో ఖాతా అతని చేతి మీదుగానే పుట్టింది. ఏ సైటో మీకు తెలుసు. మీ ఫొటో అడిగి, పుట్టినరోజు అడిగి, ఫోన్ నంబరు అడిగి, అన్నీ ఇచ్చాక మనసులో ఏముందో కూడా చెప్పమనేది. మనవాళ్లు ఒక్కదానికీ కాదనలేదు. రేషన్ కార్డు కోసం తాసిల్దారు అడిగితే నసిగిన వివరాలన్నీ, ముఖం కూడా తెలియని కంపెనీకి సంతోషంగా రాసిచ్చారు!

ఒక్క చిక్కు మాత్రం ఉండేది. పాస్‌వర్డ్. పెట్టింది మర్చిపోయి మర్నాడు మళ్లీ వచ్చి సుమన్ ప్రాణం తోడేవాళ్లు. విసిగిపోయి అతను ఒక ఉపాయం చేశాడు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టేశాడు. "జైతెలంగాణ." "గిది మర్చిపోతివా, నువ్వు మనిషివే కాదన్నా" అని చెప్పి పంపేవాడు. ఎలా మర్చిపోతారు? ప్రతి గోడ మీదా రాసే ఉంది. చదువు రానివాడైతే రోడ్డు మీదికొచ్చి నిలబడితే చాలు, ఎవరో ఒకరు అరిచి చెబుతారు.

కంపెనీవాళ్లు మాత్రం భద్రత, భద్రత అని తెగ ఇదైపోయారు. రహస్య ప్రశ్నలు తయారుచేశారు. మీరు చదివిన మొదటి బడి ఏది? అందరూ చదివింది ఒకటే సర్కారు బడి! మీ అమ్మ పుట్టింటి పేరేమిటి? వాడకట్టులో ఎవరినడిగినా చెబుతారు, ఆమె పెళ్లిలో ఏ కూర మాడిపోయిందో కూడా కలిపి చెబుతారు. ఆ ప్రశ్నలు రాసిన కాలిఫోర్నియావాడు జనగామలో ఒక్క పూట గడిపి ఉంటే, సిగ్గుపడి ఉద్యోగం మానేసేవాడు.

దీనివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా? ఒక్కరిని చూపించండి! ఒక కుర్రాడికి పెళ్లిచూపుల ఫొటో ఆ సైటులో వస్తే, అతను చూసేలోపే నలుగురు తెరిచి చూసి, పిల్ల బాగుందని తేల్చి, అతని తరఫున సరేనని జవాబు కూడా పంపారు. పెళ్లయింది. సంసారం నిక్షేపంలా నడుస్తున్నది. ప్రైవసీ అడ్డుపడి ఉంటే ఆ ఇద్దరూ ఏమైపోయేవాళ్లు?

అయితే ఈ ఏర్పాటు గొప్పతనం పూర్తిగా బయటపడింది గీత టీచర్ విషయంలో.

గీతది నర్సింహులపేట దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట, బళ్లో తెలుగు. ఆ తండా నుంచి సర్కారు కొలువు దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. జనగామ పక్క ఊళ్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతుంది. సమ్మె పిలుపు వచ్చిన రోజు చాక్‌పీసు బల్ల మీద పెట్టి అందరికంటే ముందు బయటికి నడిచింది. చౌరస్తాలో వేసిన దీక్షా టెంటులో రోజూ కూర్చున్నది. హైవే మీద వంటావార్పు అన్ననాడు మూడు రాళ్లు పేర్చి ఊరందరికీ జొన్నరొట్టెలు కాల్చింది. తెలంగాణ వస్తే తండా పిల్లల బతుకులు మారతాయని మనసారా నమ్మింది. ఆ నమ్మకంలో ఆమె ఎవరికీ తీసిపోదు.

కానీ ఆమెను ఒక దిగులు పట్టుకుంది. బడికి తాళం పడగానే పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరే పత్తి ఏరడానికి పోతున్నారు. భూపాలపల్లి దిక్కు చేలల్లో పని దొరుకుతున్నది. పోయిన పిల్లలు తిరిగి బడికి రారు. ఇది గీతకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. తనతో పలక పట్టిన ఆడపిల్లలంతా అలా పోయినవాళ్లే. ఆమె క్లాసులో తండా ఆడపిల్లలు పదో తరగతి దాకా రావడం అదే మొదటిసారి. ఈ పత్తికాలం గట్టెక్కితే పరీక్ష రాస్తారు, లేకపోతే చదువు అక్కడితో సరి.

ఆ మాట టెంటులో చెప్పాలని చూసింది. మైకేమో రాజమల్లు సారు చేతిలో ఉండేది. టీచర్ల జేఏసీకి ఆయన కన్వీనరు. మంచి మనిషే, కానీ మైకు పట్టుకుంటే మెతుకు ముట్టేదాకా దించడు. "సార్, జర ఒక్క మాట" అని గీత లేచినప్పుడల్లా, "కూసో బిడ్డా, పాట అయినంక" అనేవాడు. పాట అయ్యాక ఇంకో పాట మొదలయ్యేది.

సుమన్‌కే జాలి వేసింది. "టెంట్ల ఎంతమంది ఉంటరక్కా? సైట్ల జిల్లా మొత్తం ఉంటది. దాంట్ల పెట్టు, అందరు చదువుతరు" అన్నాడు.

అందరూ చదువుతారట! పాపం, సెంటర్ నడిపేవాడు కూడా ఎంత అమాయకుడో చూడండి.

గీత వెళ్లి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాసింది. "సమ్మె ఆపద్దు. తెలంగాణ వచ్చేదాక టెంట్లనే ఉందాం. గని పదో తరగతి పిల్లలకు రోజు పొద్దున రెండు గంటలు గీ టెంట్లనే పాఠం చెప్దాం. పత్తికి పోయిన పిల్లలు మళ్ల బడికి రారు."

మొదటి కామెంటు పెట్టినాయన సగం చదివి, "పాఠం చెప్దామంటే సమ్మె ఆపుదామనే గదా?" అన్నాడు. రెండో ఆయన పోస్టు చదవలేదు, మొదటి ఆయన్ని చదివాడు. మూడో ఆయన రెండో ఆయన్ని చదివాడు. నాలుగో ఆయనకు చదివే ఓపికే లేదు, "ద్రోహి" అని రాసి టీ తాగడానికి పోయాడు. మధ్యాహ్నానికి గీత సమ్మె విరమించింది. పొద్దుగూకేసరికి సర్కారుకు అమ్ముడుపోయింది. అన్నాలవేళకు ఆమెకు హైదరాబాదులో ఫ్లాటు కూడా వచ్చింది! టీచరు ఉద్యోగం చేసుకుంటూ ఫ్లాటు కొనాలంటే ఎన్నేళ్లు పడుతుంది, మీరే చెప్పండి. ఆ సైటు ఒక్క పూటలో ఇప్పించింది.

కోస్తా వైపు నుంచి కూడా పెద్దమనుషులు దిగారు. "చూశారా, మీ టీచరమ్మే సమ్మె వద్దంటోంది" అని ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకుని, అదే వరుసలో ఆమె తెలుగును వెక్కిరించారు. ఆ మెప్పు ఆమెకు తిట్లకంటే ఎక్కువ చేటు చేసింది. కంపెనీకి మాత్రం ఎవరి మీదా పక్షపాతం లేదు. తిట్లు పెరిగినకొద్దీ ఆ పోస్టును ఇంకా ఎక్కువమందికి చూపించింది. పక్కనే తెల్లబడే క్రీము ప్రకటన పెట్టుకుని నాలుగు డబ్బులు చేసుకుంది.

మర్నాడు పొద్దున టెంటులో గీతకు కుడిపక్కన కూర్చున్న కాటమయ్య సారు ఆమె సీసాలో నీళ్లు అడిగి తాగాడు. ద్రోహి అన్న నాలుగో ఆయన ఆయనే. ఎడమపక్కన రమాదేవి మేడం తలవంచుకుని ఫోనులో ఏదో కొడుతున్నది. ఆమె వేలు ఆగిందో లేదో, గీత చేతిలో ఫోను గుర్రుమన్నది. చూస్తే, "ఇలాంటివాళ్లను టెంటులోంచి వెళ్లగొట్టాలి" అని రమాదేవి మేడం కామెంటు.

"అక్కా, నేను పక్కపొంటనే ఉన్న గదా" అంది గీత. "ఏదన్నుంటే నోటితోని అడుగు."

"అది సైట్ల ముచ్చట బిడ్డా" అంది రమాదేవి మేడం మెల్లగా. "టెంట్ల మాట్లాడొద్దు, మంచిగుండదు."

ఎంత మర్యాద! పూర్వం మనుషులు ఎదురుపడి తిట్టుకుని, జుట్లు పట్టుకుని, సాయంత్రానికి కలిసిపోయేవాళ్లు. ఆ మోటుతనమంతా పోయింది. ఇప్పుడు మనిషిని చంపుతూనే ఆ మనిషి సీసాలో నీళ్లు తాగవచ్చు.

ఆ మధ్యాహ్నమే ప్రియ వచ్చింది. గీత క్లాసులో లెక్కలన్నీ అందరికంటే ముందు చేసే తండా పిల్ల. బట్టల మూట చంకలో ఉంది. "మేడం, క్లాసు పెడుతున్నరంట గదా? మా యాడి ఎల్లుండి దాక ఆగుతనన్నది. పెట్టకుంటే పత్తి ట్రాలీ ఎక్కుమన్నది" అంది. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. ఎల్లుండి పొద్దున ఏడు గంటలకు రమ్మని గీత మాటిచ్చింది. ఎవరినీ అడగకుండానే ఇచ్చింది.

ఇక్కడ రాజమల్లు సారు రంగంలోకి దిగాడు. ఆయనకు గీత అంటే అభిమానం. ఆమెను వెళ్లగొడితే తండా టీచర్లంతా టెంటులోంచి లేచి వెళ్లిపోతారన్న భయం కూడా ఉంది. సుమన్‌ను పిలిచి ఆరా తీస్తే పాస్‌వర్డ్ సంగతి బయటపడింది. సారు ముఖం వెలిగిపోయింది. "అగో! ఇంకేంది మరి? ఎవడో ఈమె ఖాతా తెరిచి రాసిండు. బిడ్డ రాయలే!"

ఆ కబురుతో ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. నిన్నటి ద్రోహి ఇవాళ ఆడబిడ్డ అయింది. ఫ్లాటు వెనక్కి పోయింది. ద్రోహి అన్నవాళ్లే ఇప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్న బొమ్మలు పంపారు. ఇక మిగిలింది హ్యాకరు. వాడు బెజవాడవాడని ఒకరు, కాదు, విశాఖవాడని ఇంకొకరు తేల్చారు. రేపు సాయంత్రం చౌరస్తాలో హ్యాకరు దిష్టిబొమ్మను తగలబెట్టాలని తీర్మానమైంది.

"సార్, అది నేనే రాసిన" అంది గీత.

"నువ్వు ఊకో బిడ్డా. రాసిననంటే నిన్ను ఊరు బతకనియ్యదు. నీ మంచికే చెప్తున్న."

"ఒక్క ముక్కక్కా" అని సుమన్ బతిమాలాడు. "రాయలే అను, అయిపాయె."

ఆ ఒక్క ముక్క గీతను చాలాసేపు వేధించింది. అనడానికి ఎంతసేపు? నాలుక తిప్పితే చాలు. కానీ తాను రాయలేదంటే, పిల్లలకు పాఠం చెప్పాలన్న మాట కూడా హ్యాకరు కుట్ర అవుతుంది. ఆ తర్వాత జిల్లాలో ఎవరూ ఆ మాట ఎత్తలేరు. తనకు పేరు మిగులుతుంది, పిల్లలు పత్తికి పోతారు. ఆమెకు భయమేసింది. ఇంత మంచివాళ్ల చేతిలో పడ్డందుకు అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

హ్యాకరును ఎవరూ చూడలేదు కదా, బొమ్మ ఎలా చేశారంటారా? మనవాళ్లకు తెలివి తక్కువా! గడ్డి కుక్కిన పాత ప్యాంటు, దానికి నల్ల కళ్లద్దాలు, మెడలో సుమన్ సెంటర్‌లో చచ్చిపోయిన కీబోర్డు. నడుముకు మౌసు కట్టి తోకలా వేలాడదీశారు. డప్పులు మోగాయి. టీవీవాళ్లు వచ్చారు. గీత మెడలో బంతిపూల దండ వేసి, చేతికి అగ్గిపెట్టె ఇచ్చి, మైకు కూడా ఇచ్చారు. అన్నాళ్లుగా అందని మైకు ఆ రోజు దానంతటదే వచ్చింది.

"అంటువెట్టు బిడ్డా" అన్నాడు రాజమల్లు సారు.

"గా పోస్టు నేనే రాసిన" అంది గీత మైకులో. "ఎవ్వడు హ్యాక్ చెయ్యలే. కాలబెడితే గీ గడ్డిని కాదు, నన్ను కాలబెట్టుండ్రి. లేదంటే రేపు ఏడు గంటలకు నా పిల్లలను టెంట్ల కూసోనియ్యుండ్రి."

డప్పులు ఆగిపోయాయి. "పాపం, మేడాన్ని పైనుంచి ఎవలో బెదిరిచ్చిండ్రు" అన్నాడు కాటమయ్య సారు. అంతే, అందరికీ సమాధానం దొరికింది. నిండు చౌరస్తాలో, సొంత నోటితో చెప్పినా ఆమె మాట ఆమెది కాలేదు! ఎవరో అగ్గిపెట్టె అందుకున్నారు. హ్యాకరు భగభగ కాలాడు.

ఆ రాత్రే గీత ఖాతాలో ఇంకో పోస్టు వచ్చింది. "నా ఖాతా హ్యాక్ అయినది. పాఠముల విషయము నా అభిప్రాయము కాదు. తరగతులు ఏవియూ లేవు. మనస్తాపము కలిగిన వారందరూ క్షమించగలరు." ఎవరు రాశారో ఈనాటికీ తేలలేదు. కనుక్కోవాలని ఎవరికీ అనిపించలేదు కూడా. ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్లే ఎవరో రాసి ఉంటారు. అంత ప్రేమ ఉన్నవాళ్లను ఏమనగలం?

నేను మాత్రం అంటాను. ఇంతసేపూ పొగిడాను గానీ ఇక నా వల్ల కాదు. ఆమె డబ్బు దాచుకోలేదు, రంకు దాచుకోలేదు. నలుగురికీ నచ్చని ఒక మాట తనదని చెప్పుకోవడానికి ఇంత చోటు అడిగింది. కంపెనీవాడు ఆమె ముఖం అమ్ముకున్నాడు. మనం ఆమె నోరే లాక్కున్నాం. వాడికంటే మనమే సిగ్గులేనివాళ్లం.

ప్రియ వాళ్ల తండాలో ఫోను ఉన్న మనిషి ఆ క్షమాపణ చదివి వినిపించాడు. క్లాసు లేదని తెలిసి తల్లి కోడికూతవేళకే ప్రియను ట్రాలీ ఎక్కించింది.

ఏడు గంటలకు గీత టెంటులో నల్లబల్ల కర్రకు ఆనించి, చాక్‌పీసు పట్టుకుని నిలబడింది. దారి చూసింది. ఎవరూ రాలేదు. ఎనిమిదింటికి రమాదేవి మేడం వచ్చి పక్కన కూర్చుని, ఫోను తెరిచి ఆ క్షమాపణ చూపించి, గీత భుజం తట్టింది.

"రాత్రి చదివిన బిడ్డా. ఎంత మంచిగ రాసినవ్!"