ఎక్కడికని అడగరాదు

ఆ పొద్దున కూతురు కాపురముండే తాల్‌బగీచా మీద ఆకాశం సూరచేప పొట్టలా తెల్లగా మెరిసింది. బుచ్చిబాబు కాసేపు చూసి, వాన రాదని తేల్చుకొని, ఐసుపెట్టెను టోటో అనే బ్యాటరీ రిక్షాలోకి ఎక్కించి తనూ ఎక్కాడు. అందులో పదిహేను కిలోల సూర. చిన్న పడవ మీద నడిసముద్రానికి పోయి పట్టి, విశాఖ నుంచి రైల్లో తెచ్చాడు. కూతురు ఉమకి పెళ్లయి ఏడాదైనా వియ్యంకుడు రామనాథం ఇంతవరకూ తమతో ఒక పంక్తిన కూర్చోలేదు. చేప కుళ్లకుండా వస్తే మాత్రం పూరీ గేట్‌లో తనింట్లోనే భోజనాలన్నాడు.

"కోథాయ్ జాబెన్, దాదా?" అన్నాడు టోటో అతను బెంగాలీలో, ఎక్కడికెళ్లాలని.

బుచ్చిబాబు దిగిపోయాడు. సముద్రం మీదికి బయలుదేరిన వేటగాణ్ని ఎక్కడికని అడిగితే వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి కూర్చోవాలి. కూర్చున్నాడు. లేచి వచ్చేసరికి టోటో లేదు, అందులోని పెట్టే లేదు. అడగ్గానే చోటు చెప్పే బేరం దొరికినట్టుంది.

"సెప్తే పోయేది ఏటి మావా?" అన్నాడు అల్లుడు మోహనకృష్ణ, టోటోని వెతకడానికి స్కూటర్ తీస్తూ.

"పెట్రోలెంతుంది?"

"సాల్తాది."

"పోడానికో వంతు, రాడానికో వంతు, గాలికో వంతు ఉండాల. ఉందా?"

లేదు. పావుగంటకి స్కూటర్ ఆగింది. అల్లుడు స్కూటర్ని తిడుతుంటే మామ తలెత్తి చూశాడు. బజారు అవతల గద్దలు తిరుగుతున్నాయి.

"పిట్టలెక్కడో సూర అక్కడే."

అక్కడే ఉంది. ఆ టోటో పక్కన దించి ఉన్న, నీళ్లు కారుతున్న పెట్టె చుట్టూ జనం. శవమని ఒకరు, బాంబని ఇంకొకరు. మోహనకృష్ణ అరుస్తూ దూసుకెళ్లబోతే మామ చొక్కా పట్టుకున్నాడు.

"సేపల గుంపు నడిమికి పడవ తోల్తే గుంపు ములిగిపోద్ది. అంచునట్టుకో."

అంచునే జరిగి లోపలికి చేరితే, నడిమధ్య రామనాథం. బజారుకి కూరలు కొనడానికొచ్చినాయన తీర్పు చెబుతున్నాడు.

"ముప్పై ఏళ్లు రైల్వే పార్సిల్ ఆఫీసులో సేసినాను. కారే పెట్టంటే కుళ్లిన సరుకే. పారేయించండి."

బుచ్చిబాబు మూత తీశాడు. చేప కన్ను నిగనిగలాడుతోంది. వాసన లేదు. రామనాథం వంగి వేలితో నొక్కాడు. గుంట పడలేదు.

"ఏటి సేసినారు బావగారూ దీనికి?"

"పట్టగానే రగతం తీసీసి ఐసులో పెట్టినాను. కొట్టుకోనిస్తే ఒంటి యేడికి లోపల కండ ఉడికిపోద్ది."

రామనాథం మూత తనే మూశాడు. "నా సర్వీసులో ఇలాటి పార్సిల్ రాలేదు," అని, పెట్టెకి ఒక కొస తానే పట్టి టోటోలోకి ఎక్కించాడు.

మధ్యాహ్నం అందరూ ఒకే పంక్తిన కూర్చున్నారు. వాళ్లని ఇంటికి తెచ్చిన టోటో దాదా మూడోసారి పులుసు పోయించుకున్నాడు. ఎక్కడికైనా వెళ్లాలా అని అతన్ని ఎవరూ అడగలేదు.