రక్తమిచ్చి పోయిన లుదోమిర్

ఆ ఉదయం లుదోమిర్ అనుకున్నది చాలా చిన్న పని. పరగడుపున వెళ్ళి విటమిన్ డి పరీక్షకు రక్తమివ్వాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి భార్య వియెస్వావా చేసే ఊరవేసిన దోసకాయల సూప్ తాగాలి. ముప్పై నాలుగేళ్ళు పోలండ్‌లోని క్రాకువ్‌లో ట్రాము నడిపి, ఈ తాత్రా కొండల ఊరికి వచ్చి స్థిరపడ్డాక, అతను కుర్చీ దిగడమే అరుదు.

ఆసుపత్రి పక్కన బడి ముందు పొడుగాటి వరుస, చివర రక్తం తీస్తున్న నర్సులు.

"విటమిన్ డి కేనా?" అనడిగాడు.

"అదే బాబాయ్ గారూ. ఇప్పుడోసారి, చివర్లో ఇంకోసారి. సంచి ఇటివ్వండి, అక్కడ తీసుకుందురు," అంది డాక్టర్ ఇదాలియా. రక్తం తీసి, చొక్కాకు ఒక నెంబరు గుచ్చింది. వరుసలో తన నెంబరు కాబోలనుకున్నాడు లుదోమిర్.

ఇంతలో ఈల మోగింది. జనమంతా పరుగందుకున్నారు. కమ్యూనిస్టుల కాలంలో రొట్టెకీ మాంసానికీ వరుసల్లో నిలబడి పెరిగినవాడు లుదోమిర్. వరుస పరిగెడితే తనూ పరిగెత్తాలి, లేకపోతే చోటు పోతుంది. పరిగెత్తాడు.

"అక్కా, రెండో రక్తం ఎక్కడ తీస్తారు?" పక్కనున్న పెద్దావిడను అడిగాడు రొప్పుతూ.

"కొండ దాటాక, పరుగు పందెం ముగిసే చోట తమ్ముడూ. ఇరవై ఆరు కిలోమీటర్లే!"

వెనక్కి తిరగబోయాడు. కానీ కోటు, ఫోను, ఇంటి తాళంచెవి సంచిలో ఉన్నాయి. సంచి వ్యానెక్కి అప్పుడే కొండ దాటుతోంది.

మధ్యాహ్నం సూప్ చల్లారింది. వియెస్వావా ఫోన్ చేస్తే, సంచిలోంచి తీసి ఇదాలియా మాట్లాడింది. "మీ ఆయనా? పొద్దున్నే రక్తమిచ్చి పోయారండీ. సంచి ఇక్కడ, కొండవతల మా దగ్గరుంది."

"పోయారా!"

ఫోను చేతిలోంచి జారి పగిలిపోయింది. వియెస్వావా నల్ల శాలువా కప్పుకుని, ఫాదర్‌ గారిని కారెక్కించుకుని బయల్దేరింది.

వాళ్ళు చేరేసరికి ముగింపు గీత దగ్గర చప్పట్లు. అందరికన్నా చివర, ఆదివారం చర్చికి వేసుకునే బూట్లతో కుంటుతూ లుదోమిర్ వస్తున్నాడు.

"బతికే ఉన్నావా, దిక్కుమాలినోడా!" అంటూ మెడ వాటేసుకుని ఏడ్చింది భార్య.

"ఏమేవ్, వదులు. ఇంకా రక్తమివ్వాలి," అన్నాడతను. మెడలో ఎవరో పతకం వేశారు. ఆగి మరీ వేయించుకున్నాడు.

నాలుగో రోజు ఫలితాలకు పిలిచారు.

"మా పరిశోధనలో తేలింది, పరుగు తర్వాత అందరికీ విటమిన్ డి పెరిగింది. అందరికన్నా ఎక్కువ మీకే," అంది ఇదాలియా. "కొవ్వులో దాగున్నది రక్తంలోకి వచ్చిందేమోనని మా అనుమానం."

లుదోమిర్ భార్య వైపు తిరిగాడు. "విన్నావా? ఇన్నాళ్ళూ పొట్ట పొట్ట అని ఎత్తిపొడిచావు. ఇది నిల్వ!"

"కానీ బాబాయ్ గారూ, ఆ పెరుగుదల నిలవదు. అసలు పరీక్షకు కొన్నాళ్ళాగి మళ్ళీ రావాలి, పరిగెత్తకుండా."

"ఆగుదాం. ఈలోగా తర్వాతి పరుగెప్పుడో చెప్పమ్మా," అన్నాడు లుదోమిర్.

తొడలు ఇంకా పట్టేసే ఉండడంతో ఆ రోజు ఆసుపత్రి మెట్లన్నీ అతను వెనక్కి నడుస్తూ దిగాడు. పతకం మాత్రం ముందుకే వేలాడింది.