మారుముక్క మహాసమరము

సకల లారీ హారన్ ఘోష నినాదితమై, చెన్నపట్టణ రాజమార్గ ధూళిధూసరితమై నెల్లూరు చెంత వెలుగొందు వెంకటాచలమున, ఆదివారము మధ్యాహ్నము, సూర్యభగవానుడు సైతము ఏసీ గల చోటు వెదకుకొను వేళ, అమెరికా దేశోద్భవమగు జెబ్ తాత కోడివేపుళ్ల అంగడిలో జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను. చెవులున్నవారు వినుడు. ఆకలిగొన్నవారు ముందేమైన తిని రండు.

పెండ్లిబట్టల సంచులతో ఆ అంగడి చొచ్చిన వీరాంగన దొరవారిసత్రపు పేరమ్మ. పులికాటు రొయ్యలను తట్టకెత్తి, ముప్పదియేండ్లు సంతలో బేరగాండ్ర గర్వమడచిన ప్రచండకంఠి. వెంట కాబోవు వియ్యపురాలు, కొడవలూరు ప్రేమలీల. పేరమ్మ కూతురు రోజా పెండ్లికి ఇంక పది దినములే. విందు పేరమ్మది. ప్రేమలీల అరకడుపుతో లేచెనా, ఆ వార్త ఆమె బస్సు దిగకముందే కొడవలూరు చేరును. పెండ్లికూతురి తల్లి ఒట్టి పిసినారి యని ముద్రపడును. ఆ ముద్రతోనే రోజా అత్తవారింట అడుగిడవలెను.

ప్రేమలీల తన రెండు ముక్కలను ఎముకలు మాత్రము మిగిల్చి ముగించెను. కాగితపు పళ్లెము బోసిపోయెను. అంతట పేరమ్మ, అడిగినవారికి మరల ఊరకనే వడ్డించు నెల్లూరు మెస్సుల తరతరాల ఆచారము ననుసరించి, చేయెత్తి గర్జించెను.

"అబ్బయ్యా, మా వదినకి మారు పెట్టు!"

మేనేజరు మధుబాబు, ఎఱ్ఱటోపీ కిరీటధారి, పరుగున వచ్చెను. "మారంటే ఇంకో బిల్లు మేడం."

హా! అతిథి యెదుట మరల పైకము తీయుటయా? అది ఆమె తిన్న ముక్కకు వెల చెప్పినట్లు కాదా? పేరమ్మ కొంగు బిగించెను.

"మెస్సులో మారన్నం అడిగితే బిల్లేస్తారా ఎవరన్నా? నీతో నాకు మాటల్లేవు. ఓనర్ని పిలువు. గల్లాపెట్టె కాడ కూర్చునే మనిషి యాడుండాడు?"

మధుబాబు, శిక్షణ తరగతిలో కంఠస్థము చేసిన వంశానుక్రమణికను విప్పెను.

"మొదట జెబ్ తాత మేడం. అమెరికాలో పెట్రోలు బంకు పక్కన రేకులషెడ్డులో పెట్టినాడు."

"ఆయన్నే పిలువు."

"చచ్చిపోయినాడు. అంతకుముందే సబ్బుల కంపెనీకి అమ్మేసినాడు."

అవును. తాత షెడ్డు నమ్మెను, మసాలా రహస్యము నమ్మెను, తుదకు బోర్డుమీద నవ్వుచున్న తన గడ్డమును గూడ నమ్ముకొనెను. ఆ పిమ్మట తన బొమ్మ తాను గీయించుకొనుటకైనను సబ్బులవారి అనుమతి కావలసివచ్చెను. సబ్బులవారిని కూల్‌డ్రింకులవారు మింగిరి. వారికి అరుగక కక్కివేయగా, పెట్టుబడుల నిధి యను నిరాకార నిర్గుణ స్వరూపమొకటి ఒడిసిపట్టెను. ఆ నిధిలోని సొమ్ము అచ్చటి పంతుళ్ల పింఛను. అనగా ఈ కోడికి యజమాని ఏ దూరదేశపు ముసలి పంతులో. ఆ సంగతి పంతులుకు తెలియదు, కోడికి అసలే తెలియదు. భరతఖండపు హక్కు ఢిల్లీవారిది, దక్షిణాపథపు హక్కు చెన్నైవారిది, మధుబాబుది టోపీ మాత్రమే. అదియు రాజీనామానాడు తిరిగి ఇచ్చివేయవలెను.

"ఇంత పెద్ద అంగడికి ఒక్క ఓనరు లేడా నాయనా?" పేరమ్మ గొంతులో నిజముగానే జాలి పలికెను.

"చెన్నై కంపెనీ షేర్లు ఎవరికుంటే వాళ్లంతా ఓనర్లే మేడం."

అప్పుడు ప్రేమలీల మూతి తుడుచుకొనెను. "ఆ కంపెనీ పేరేంది అబ్బయ్యా?"

"దక్షిణ జెబ్ ఫుడ్స్."

"మా ముఖేష్ నా పేరుతో మూడు షేర్లు కొనుండాడే!"

పెండ్లికొడుకు కొన్న ఆ షేర్లు ఫోనులో ప్రత్యక్షమయ్యెను. పేరమ్మ హృదయమున విజయదుందుభులు మ్రోగెను. "ఓనరు నా పక్కనే కూర్చోనుండాది! చెప్పు వదినా, మారు పెట్టమని చెప్పు!"

కాని అయ్యో, ప్రేమలీల వెన్ను నిటారయ్యెను. చూపు ఏసీమీదికి పోయెను, ఎవరును లేని బల్లమీద వెలుగుచున్న దీపముమీదికి పోయెను. అర్ధనిమేషమునకు పూర్వము అతిథి, ఇప్పుడామె పెట్టుబడిదారు.

"మారూ లేదు గీరూ లేదు వదినా. అడిగినోళ్లందరికీ పెట్టుకుంటా పోతే మనకేం మిగులుద్ది?"

నూనెలో కోడియొక్కటి చిటపటలాడెను. పేరమ్మ వెంటనే సంతలో నేర్చిన సమస్త అస్త్రశస్త్రములను ఒక్క వాక్యమున సంధించెను.

"పెట్టమన్నది నేను, వద్దన్నది నువ్వు, రేపు మీ ఊళ్లో ఎవరన్నా అడిగితే ఇదే మాట చెప్పాల, ఏం వదినా?"

ఓనరుకును అతిథికిని నడుమ చిక్కిన ప్రేమలీల "చెప్తాలే," అని గొణిగి, ముఖము చెల్లక మధుబాబువైపు తిరిగి ఆజ్ఞాపించెను. "వదినకి టమాటా సాసు పొట్లం ఇయ్యి." ఒక క్షణమాగి, "ఒకటే," అనెను.

ఇట్లు సబ్బులవారిని, కూల్‌డ్రింకులవారిని, సముద్రాలకావలి పంతుళ్లను, ఢిల్లీ చెన్నై పురాధీశులను ఏకవాక్యమున జయించి, రెండు వ్రేళ్ల వెడల్పు పొట్లమును చేజిక్కించుకొని, ఆడపిల్ల తల్లి మాట పడకుండ గెలిచిన పేరమ్మకు జయము జయము! ఆ పొట్లము నామె చింపలేదు. సాక్ష్యముగా రవికెలో దాచుకొని బస్సెక్కెను.