సీమపనస చెట్టు విలీన తీర్మానం

ఒక దేశాన్ని కలిపేసుకోవాలంటే యుద్ధమైనా గెలవాలి, ఒప్పందమైనా రాసుకోవాలి అన్నది పాతకాలపు చాదస్తం. మా హవాయి రాజ్యం విషయంలో అమెరికావారు ఎవరికీ ఆ శ్రమ పెట్టలేదు. వాళ్ల రాజధానిలో, వాళ్ల సభలో, వాళ్లే చేతులెత్తి, మా దీవులు తమవని తీర్మానించుకున్నారు. (మా రాణి ఒప్పుకోలేదు. మా జనం వేలమంది సంతకాలు పెట్టి వద్దు మొర్రో అన్నారు. ఆ సభలో మావాళ్లకి కుర్చీలు లేవు కాబట్టి లెక్కలోకి రాలేదు.) పక్కింటాయన భోజనాల దగ్గర పెళ్లాం బిడ్డల చేత చేతులెత్తించి మన ఇల్లు తనదని తేల్చుకుంటే పిచ్చి అంటాం. ఆయన దగ్గర యుద్ధనౌకలుంటే చరిత్ర అంటాం.

రాజ్యం పడిపోయిన వందేళ్లకి, తప్పయిందని అదే సభ క్షమాపణ చెప్పింది. ఇంతమాత్రాన ఏ తగువూ తీరినట్టు కాదని చివర్న ఒక మాట చేర్చింది. ఆ తగువులు ఎన్నటికీ తీరకుండా కనిపెట్టుకుని ఉండడానికి మా ఊళ్లో పూర్వవిచార శాఖ వెలిసింది. అక్కడ ఏ పనికైనా నెలలు పడుతుంది గానీ క్షమాపణ మాత్రం అక్కడికక్కడే ఇస్తారు. దానికి టోకెన్ కూడా అక్కర్లేదు.

మా మేనత్త ఉలులానీ డెబ్బై దాటిన మనిషి. పోయిన నెల ఐస్ పెట్టె ఒళ్లో పెట్టుకుని, నా చేత బండి నడిపించుకుని ఆ శాఖకి వెళ్లింది. పెట్టెలో ఉన్నది ఆమె మనవరాలు కహియావుకి పుట్టిన పిల్లవాడితో పాటు కాన్పులో పడిన మాయ. మా ఆచారంలో బిడ్డ మాయను ఇంటి చెట్టు కింద పాతితేనే ఆ బిడ్డ ఆ నేలకి చెందుతాడు. లేకపోతే బతికినన్నాళ్లూ దిక్కూ మొక్కూ లేకుండా తిరుగుతాడు. మా ఇంటి చెట్టు లోయలోని సీమపనస. మా తాతల మాయలూ, నా మాయా దాని వేళ్ల దగ్గరే ఉన్నాయి. కిందటేడు శాఖవారు ఆ లోయ చుట్టూ కంచె వేశారు. స్థానిక జాతుల మొక్కలను కాపాడడానికట. అందుకని ముందుగా స్థానికులను బయటికి పంపారు.

కౌంటరు కిటికీ వెనక ఉన్న గుమాస్తా హియాపో మా అత్త చెల్లెలి మనవడే. లేచి వచ్చి, అత్తను కావలించుకుని, బుగ్గ మీద ముద్దుపెట్టి, "తిన్నావా ఆంటీ?" అన్నాడు. (మా దీవుల్లో పెద్దవయసు ఆడవాళ్లందరూ ఆంటీలే.) ఆ వెంటనే ఒక కాగితం మీద ముద్ర కొట్టి చేతిలో పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"క్షమాపణ. మన రాజ్యం పోయినందుకు. ముందిది ఇచ్చాకే పని సంగతి మాట్లాడాలి."

"ఇవి మా ఇంట్లో బోలెడున్నాయి. కంచె తాళం ఇవ్వు చాలు."

"తాళం కావాలంటే ఆ నేల నీదేనని రెండు పక్షాలూ సంతకాలు పెట్టిన ఒప్పందం చూపించాలి."

"ఏదీ, ముందు మీది చూపించు. మా రాణి సంతకం ఉన్నది."

హియాపో గొంతు తగ్గించాడు. "అది లేదాంటీ. తీర్మానం ఉంది. అయినా ఆ రూలు దరఖాస్తు పెట్టుకునేవాళ్లకే. శాఖ ఎప్పుడూ దరఖాస్తు పెట్టుకోలేదు కదా." (ఇది అక్షరాలా నిజం. వాళ్లు ఎవరినీ ఏమీ అడగలేదు.)

"పోనీ ఒక్క గంట తీసి ఉంచు. సీమపనస కింద చిన్న గొయ్యి తవ్వుకుని పోతాం."

"బయటి జీవపదార్థం లోపలికి పోకూడదు."

"బయటిదా? వాడు నీ మేనల్లుడురా!"

"గాలికో, అలకో, పిట్ట కడుపులోనో వచ్చిందే స్థానికం ఆంటీ. మనిషి పడవలో తెచ్చిందంతా పరాయిదే."

"మరి నీ ముత్తాతలు పిట్ట కడుపులో వచ్చార్రా?"

హియాపో కంప్యూటర్ వైపు చూశాడు. తెర మీద ఎర్రగీత పడింది. "అయ్యో ఆంటీ... అక్కడ సీమపనస ఉందని నువ్వెందుకు చెప్పావు? చెట్టు పేరు ఎక్కించేశాను. సీమపనస కూడా పడవలో వచ్చిందే. కొట్టేయాల్సిన వాటిలో చేరిపోయింది. వచ్చే వారం రంపాలతో వస్తారు."

"నీ మాయ కూడా దానికిందే ఉందిరా వెధవా! గొయ్యి తవ్వింది నేనే."

వాడు సొరుగు లాగాడు. ఇంకో క్షమాపణ తీసి ముద్ర కొట్టాడు. ఈసారి ముద్ర వంకరగా పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరవబోతే అత్త నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆ ఆదివారం అత్త గ్యారేజీలో, అన్నం, ఆకుల్లో ఉడికించిన పందిమాంసం ముందు పెట్టుకుని మా సభ కొలువుతీరింది. కంచె లోపలి లోయను మా ఇంట్లో విలీనం చేసుకోవాలని ఉలులానీ ప్రతిపాదించారు. చంటివాడికి పాలిస్తూ కహియావు బలపరిచింది. అందరూ చేతులెత్తారు. నిద్రపోతున్న మామయ్య చెయ్యి ఆయన కూతురు ఎత్తింది. (శాఖవారి అభిప్రాయం తీసుకోలేదు. మా గ్యారేజీలో వాళ్లకి కుర్చీలు లేవు.) భోజనాలయ్యాక వెళ్లి, తీర్మానం రాసిన కాగితం కంచెకి కట్టి, తీగలు పైకెత్తి పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరం దూరి, మాయను వేళ్ల దగ్గర పాతిపెట్టాం. అత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాపరికం ఎందుకు?

రంపాలవాళ్లు వచ్చేసరికి అత్త చెట్టు మొదట్లో కుర్చీ వేసుకుని, చంటివాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంది. వాళ్ల ముందు హియాపో నోటీసు పట్టుకుని నిలబడ్డాడు. కంచె దాటినందుకూ, మా తీర్మానానికీ కలిపి ఒకటే నోటీసు. పైకి చదివి వినిపించడం వాడి ఉద్యోగం.

"ఒక పక్షం తన ఇంట్లో కూర్చుని, తనవాళ్ల చేత చేతులెత్తించి చేసుకున్న తీర్మానం వల్ల, ఇంకొక పక్షం భూమి దానికి దక్కదు. అటువంటి విలీనం చట్టం ముందు..."

ఆగిపోయాడు. అత్త మొహంలోకి చూశాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా.

"దానిమీద ముద్ర ఉందా?" అంది అత్త.

"ఉందాంటీ."

"మీ డైరెక్టరు సంతకం?"

"అదీ ఉంది."

"అయితే ఓ పది కాపీలు తీయించుకు రా నాయనా. మా రాణి తరఫున పనికొస్తాయి."

రంపాలవాళ్లు యంత్రాలు మళ్లీ లారీ ఎక్కించారు. సాయంత్రానికల్లా శాఖవారు నోటీసు వెనక్కి తీసుకున్నారు, క్షమాపణతో సహా. చెట్టును ప్రస్తుతానికి వదిలేశారు. కంచె మాత్రం అలాగే ఉంది. దానికి కూడా క్షమాపణ తప్పకుండా వస్తుందట. వందేళ్లు ఓపిక పట్టమన్నారు.