మంత్రిగారు కిందికి దించిన మంచు

"నా హయాంలో మన కొండమీది మంచు జానెడు కూడా తరగలేదు, తరగబోదు!" అని శాశ్వత హిమ శాఖ మంత్రి డాక్టర్ విల్లాగోమెస్ గారు రాజధాని కీటో నుంచి రేడియోలో ప్రకటించారు.

మంచు కప్పుకున్న ఆ అగ్నిపర్వతం చుట్టూ ఉన్న జాతీయ పార్కులో నేను ఇరవై రెండేళ్లుగా కాపలాదారును. నా ఒళ్లు పులకరించింది. మా కార్ల షెడ్డు పక్కన "మంచు ఇక్కడ మొదలు" అనే బోర్డుంది. మంచు మాత్రం ఎప్పుడో గంటన్నర నడక పైకి వెళ్లిపోయింది.

శనివారం మంత్రిగారు విలేకరులతో వస్తున్నారని కబురు. పార్కు డైరెక్టర్ యేరోవి నన్ను పిలిచాడు.

"బోర్డు పైకి మార్చమంటారా సార్?"

"మంత్రిగారికి ఆయాసమయ్యా, అంత పైకి ఎక్కలేరు. మంచునే కిందికి మార్చు."

మా ఊళ్లో బల్తసార్ బాబాయి ఒకప్పుడు మంచు కొట్టి సంతలో అమ్మినవాడు. అతనూ నేనూ ఆరు గాడిదలతో మూడు రోజులు తిరిగాం. గడ్డిలో చుట్టి తెచ్చిన దిమ్మలను బోర్డు కింద పరిచాం.

"సగం దారిలోనే కారిపోయిందిరా," అన్నాడు బాబాయి.

"తక్కిన సగం శాశ్వతం బాబాయ్," అన్నాను.

మంత్రిగారు ఒక దిమ్మను బూటుతో తన్ని, "గట్టిగా ఉంది!" అన్నారు. శాస్త్రీయ పరీక్ష ముగిసింది.

"సార్, మంచుకు గడ్డి అంటుకుందేమిటి?" అంది ఒక విలేకరి.

"పచ్చదనం!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

వెంట వచ్చిన సర్వే ఇంజనీరు మంత్రిగారు నిలబడ్డ చోటు కొలిచి, నిరుటి లెక్కతో పోల్చి, ఏడాదిలో మంచు ఎనిమిది వందల మీటర్లు కిందికి వచ్చిందని రాసుకున్నాడు. విరిగిన ముక్కలు విలేకరుల పళ్లరసంలో వేశాం.

రెండు వారాలకు శాఖ గుమాస్తా జీపులో మా ఊరొచ్చి నోటీసు చదివాడు. "మంచు ఏటికి ఎనిమిది వందల మీటర్ల చొప్పున మీ ఊరిమీదికి వచ్చుచున్నది. నెలలోగా ఇళ్లు, పొలాలు ఖాళీ చేయవలెను."

బాబాయి గాడిదలమీద సామాను కట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వెక్కడికి బాబాయ్? ఆ మంచు మోసింది మనమే కదా!"

"మోసింది మనమేరా. సంతకం మంత్రిగారిది."

రుపెర్తా అవ్వ మాత్రం ఖాళీ బిందెతో గుమాస్తాకు ఎదురెళ్లింది. "మంచు నిజంగానే వస్తోందా నాయనా? మా కాలవలో చుక్క నీరు చూసి మూడేళ్లయింది. కాస్త తొందరగా రమ్మని చెప్పు."

'ప్రజలు హర్షం వ్యక్తం చేశారు' అని రాసుకుని గుమాస్తా జీపెక్కాడు.